ఎలక్ట్రానులు పోగొట్టుకున్న పరమాణువులు

గుంటూరు పేరు ఖగోళశాస్త్ర చరిత్రలో నిలిచిపోయిందని మనలో చాలామందికి తెలుసు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోను దుర్భిణులు అమర్చుకుని కూర్చున్నారు. సూర్యబింబం అంచున లేచే ఎర్రని జ్వాలల కాంతిని విడదీసి చూస్తే విడివిడిగా మెరిసే రంగుగీతలు కనిపించాయి. వాటిలో ఒక పసుపుపచ్చ గీత తరువాత హీలియం అనే కొత్త మూలకానికి దారి తీసింది. 1895లో రామ్సే ఆ హీలియాన్ని భూమి మీదనే పట్టుకున్నాడు. ఈ కథ మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం.

ఈ కథకు తరువాయి భాగం మనం ఇప్పుడుంటున్న దేశంలో జరిగింది. దాన్ని మనం అంతగా చెప్పుకోము. గుంటూరు గ్రహణానికి ఏడాది తిరగకుండానే, 1869 ఆగస్టు 7న, ఇంకొక సంపూర్ణ గ్రహణం అమెరికా మీదుగా పోయింది. అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ దగ్గర చార్ల్సు యంగ్, డెమోయిన్ దగ్గర విలియం హార్క్‌నెస్ వర్ణపటదర్శినులు పట్టుకుని నిలబడ్డారు. వారు చూసింది జ్వాలలను కాదు, సూర్యుని చుట్టూ ముత్యం రంగులో పరుచుకునే కరోనాను. అందులో ఒక ఆకుపచ్చ గీత ఒంటరిగా కనిపించింది. దాని తరంగదైర్ఘ్యం 530.3 నానోమీటర్లని ఇప్పుడు మనకు తెలుసు. (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు.)

మొదట అది ఇనుము గీత అనుకున్నారు. తరువాత జాగ్రత్తగా కొలిస్తే, భూమి మీద మండించిన ఇనుము ఇచ్చే గీతకు దీనికి చోటు కొంచెం తేడా వచ్చింది. కొంచెమే. కాని తేడా తేడాయే. అందుచేత ఇది ఇనుము కాదన్నారు. హీలియం లాగే ఇది కూడా కొత్త మూలకమన్నారు, 'కరోనియం' అని పేరు పెట్టారు. ఆవర్తన పట్టికలో గళ్ళన్నీ నిండిపోయాయి. కరోనియానికి మాత్రం చోటు దొరకలేదు. డెబ్బై ఏళ్ళు గడిచాయి.

1939లో జర్మనీలో గ్రోట్రియన్, ఆ తరువాత 1940ల మొదట్లో స్వీడనులో ఎడ్లెన్ చిక్కు విప్పారు. కరోనియం లేదు. ఆ గీత ఇనుముదే. అయితే మనకు తెలిసిన ఇనుము కాదు. ఇనుము పరమాణువులో 26 ఎలక్ట్రానులుంటాయి. వాటిలో సరిగ్గా సగం, 13, ఊడిపోగా మిగిలిన ఇనుము అది. మొదట అనుకున్నదీ కొంతవరకు నిజమే, తరువాత కాదన్నదీ నిజమే!

ఇలా చాలా ఎలక్ట్రానులు పోగొట్టుకున్న పరమాణువులను అధిక విద్యుదావేశం గల అయానులు అంటారు. ఇవాళ వాటిని పెట్టెలో బంధించి, లేసరు కాంతితో పలకరించి, ప్రకృతి నియమాలను అంతకుముందు ఎన్నడూ లేనంత నిశితంగా పరీక్షిస్తున్నారు. ఆ పని ఎలా జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, దానివల్ల ఏం తేలింది అన్న మూడు విషయాలు పాఠకుల ముందు ఉంచాలని మా ప్రయత్నం. లెక్కలు లేకుండా చెబుతాం. అంకెలు మాత్రం తప్పవు.

ఊడితే ఏమవుతుంది?

పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రానును లాగడం అంత కష్టం కాదు. ట్యూబులైటులో నిత్యం జరిగే పనే. హైడ్రోజను ఎలక్ట్రానును ఊడబెరకడానికి 13.6 ఎలక్ట్రాను వోల్టుల శక్తి చాలు. కాని ఒకటి పోయాక మిగిలినవాటి మీద కేంద్రకం పట్టు బిగుస్తుంది. రెండోది లాగడం మొదటిదానికంటే కష్టం, మూడోది ఇంకా కష్టం. ఇనుము నుంచి పదమూడో ఎలక్ట్రాను తీయడానికి సుమారు 360 ఎలక్ట్రాను వోల్టులు కావాలి. యురేనియంలో చిట్టచివరి ఎలక్ట్రాను, అంటే తొంభై రెండవది, తీయడానికి లక్షా ముప్ఫై వేల పైచిలుకు కావాలి.

దీన్నిబట్టి ఎడ్లెన్ చెప్పినదానిలోని అసలు విశేషం తెలుస్తుంది. సూర్యుని ఉపరితలం వేడి అయిదున్నర వేల డిగ్రీలు. ఆ వేడికి ఇనుము పదమూడు ఎలక్ట్రానులు పోగొట్టుకోదు. కాబట్టి కరోనా వేడి పది లక్షల డిగ్రీలు దాటి ఉండాలి. ఆకుపచ్చ గీత వచ్చేచోట ఇరవై లక్షల దాకా ఉంటుంది. పొయ్యికి దూరంగా జరిగినకొద్దీ సెగ పెరిగినట్టన్నమాట! ఎందుకిలా అన్నది ఈనాటికీ పూర్తిగా తేలలేదు. హవాయిలో మావీ ద్వీపం మీద కట్టిన నాలుగు మీటర్ల సూర్య దుర్భిణి ఇలాంటి ఇనుము, సిలికాను అయానుల పరారుణ గీతలతోనే కరోనాలోని అయస్కాంత బలాలను వెదుకుతోంది. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లోను, ఇండియానాపొలిస్‌లోను, క్లీవ్‌లండ్‌లోను ఉన్న మనవాళ్ళు ఇళ్ళముందు కుర్చీలు వేసుకుని చూసిన తెల్లని వెలుగులో ఆ ఇనుము కూడా ఉంది. కాకపోతే దాని ఆకుపచ్చ గీత మొత్తం కాంతిలో చాలా స్వల్పం. వట్టి కంటికి విడిగా తెలియదు.

ఈ గీతను ప్రయోగశాలలో ఎందుకు చూడలేకపోయారంటే దానికీ కారణముంది. మామూలు గీతలు వెలువడాలంటే పరమాణువు సెకండులో పదికోట్ల వంతు కాలం ఆగితే చాలు. ఈ ఆకుపచ్చ గీత ఇచ్చే ఇనుము అయాను సుమారు సెకండులో అరవయ్యో వంతు ఆగాలి. పరమాణువుకు అది యుగం లాంటిది. దీపంలోనో, విద్యుత్ మెరుపులోనో ఉన్న అయాను అంతసేపు నిలవదు. పక్కవాడు వచ్చి గుద్దేస్తాడు, వెలుగు రాకుండానే శక్తి కాస్తా పోతుంది. కరోనా మన ప్రయోగశాలల శూన్యంతో పోల్చదగినంత పలచన. అక్కడ గుద్దేవారు లేరు. అందుకని తాపీగా వెలుగుతుంది. ఇలాంటివాటిని నిషిద్ధ రేఖలంటారు. నిషిద్ధమన్నది పేరుకే. నెమ్మదైనవి అంటే సరిపోతుంది.

ఊడినవాటినే ఎందుకు చూడాలి?

కేంద్రకంలోని ధనావేశం ఎంత పెరిగితే, మిగిలిన ఎలక్ట్రాను దానికి అంత దగ్గరగా తిరుగుతుంది. 83 ప్రోటానులున్న బిస్మతు కేంద్రకం చుట్టూ ఒకే ఒక్క ఎలక్ట్రాను మిగిల్చామనుకుందాం. చూడ్డానికి హైడ్రోజను లాగే ఉంటుంది. కాని దాని ఎలక్ట్రాను అనుభవించే విద్యుత్ బలం హైడ్రోజనులో కంటే 83 ఘనం రెట్లు, అంటే అయిదున్నర లక్షల రెట్లకు పైగా ఎక్కువ. మనుషులు ఏ యంత్రంతోను అంత బలమైన విద్యుత్ క్షేత్రాన్ని నిలకడగా పుట్టించలేరు. పరమాణువు ఆ బలాన్ని ఊరికే ఇస్తోంది.

దానితో ఉపయోగమేమిటి? 1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విల్లిస్ లాంబ్, రాబర్టు రెదర్‌ఫర్డు హైడ్రోజనులో ఒక చిన్న తేడా కనుక్కున్నారు. అప్పటి సిద్ధాంతం ప్రకారం సమానంగా ఉండవలసిన రెండు శక్తి స్థాయిలు వెంట్రుకవాసి తేడాగా ఉన్నాయి. శూన్యం నిజంగా శూన్యం కాదని, అందులో క్షణికంగా పుట్టి మాసిపోయే అలజడి ఎలక్ట్రానును కుదుపుతోందని ఆ తేడాకు అర్థం. దాని నుంచే ఫైన్మన్, ష్వింగర్, టొమొనాగా, డైసన్‌ల చేతిలో క్వాంటం విద్యుత్ గతిశాస్త్రం నిలదొక్కుకుంది. మనిషి పరీక్షించిన సిద్ధాంతాలలో ఇంత కచ్చితంగా నెగ్గినవి అరుదు.

అయితే అది ఎక్కువగా నెగ్గింది బలహీనమైన క్షేత్రాలలో. హైడ్రోజనులో అంత చిన్నగా ఉండే లాంబ్ తేడా, కేంద్రక ఆవేశపు నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. బిస్మతులో అది కోట్ల రెట్లు పెద్దది. అంత బలమైన చోట కూడా సిద్ధాంతం నిలబడుతుందా? చెరువులో ఈదినవాడు గోదావరి వరదలో ఈదుతాడా అన్న ప్రశ్న ఇది. ఆ వరద కావాలంటే ఎలక్ట్రానులు ఊడిన బరువైన పరమాణువులే గతి.

లివర్‌మోర్ పెట్టె

ముందు ఇలాంటి అయానులను తయారుచెయ్యాలి. దానికి మొదటి పద్ధతి మోటు పద్ధతి. బరువైన అయానును పెద్ద యంత్రంలో కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తించి లోహపు రేకులోంచి దూర్చడం. ఎలక్ట్రానులు రేకులో రాలిపోతాయి, కేంద్రకం అవతలకు దూసుకుపోతుంది. 1980లలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో బెవలాక్ యంత్రం మీద హార్వే గౌల్డు బృందం ఇలాగే ఒక్క ఎలక్ట్రాను గల యురేనియాన్ని, అసలు ఎలక్ట్రానే లేని యురేనియాన్ని తయారుచేసింది. కాని ఆ పద్ధతిలో అయాను చేతికి చిక్కదు. పరుగెత్తుతూనే ఉంటుంది.

రెండో పద్ధతి అక్కడికి ఎక్కువ దూరం లేని లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో పుట్టింది. 1980ల మధ్యలో మార్ట్ లెవీన్, రాస్ మార్స్ ప్రభృతులు కట్టిన ఈ యంత్రాన్ని 'ఈబిట్' అంటారు. ఎలక్ట్రాను పుంజపు అయాను బోను అని చెప్పుకోవచ్చు. అయానును పరుగెత్తించి ఎలక్ట్రానుల మీద పడేసే బదులు, అయానును నిలబెట్టి ఎలక్ట్రానులను దాని మీదికి పంపడమే ఇందులోని తెలివి. అతివాహక అయస్కాంతం ఎలక్ట్రాను పుంజాన్ని తలవెంట్రుక మందానికి నొక్కుతుంది. ఆ పుంజమే ఒక పక్క అయానుల ఎలక్ట్రానులను ఒకటొకటిగా కొట్టి రాలుస్తుంది, ఇంకొక పక్క తన రుణావేశంతో ఆ అయానులను పక్కలకు పోకుండా పట్టి ఉంచుతుంది. రెండు సెంటీమీటర్ల బోను! దాని పెద్ద రూపమైన సూపర్ ఈబిట్‌లో రెండు లక్షల వోల్టుల వరకు వెళ్ళి, 1994లో నగ్న యురేనియాన్ని కూడా నిలిపి చూపించారు. గదిలో పట్టే పరికరం, మైదానమంత యంత్రం చేసే పని చేసింది. తరువాత మేరీలండ్‌లో గెయిదర్స్‌బర్గ్‌లోని ప్రమాణాల సంస్థ, జర్మనీ, జపాను, చైనా వారు కూడా అలాంటివి నిర్మించుకున్నారు.

లేసరు ఎలా వచ్చింది?

అయాను దొరికింది. దాన్ని కొలవాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎలక్ట్రానులు బిగుసుకుపోయిన కొద్దీ అవి ఇచ్చే వెలుగు ఎక్సురేల వైపు జరిగిపోతుంది. కచ్చితంగా కొలవాలంటే లేసరుకు మించిన సాధనం లేదు. కాని మన లేసర్లు ఎక్కువగా కంటికి కనిపించే కాంతిలోను, దాని ఇరుపక్కల కొద్ది దూరంలోను పనిచేస్తాయి. తాళం ఒక ఊళ్ళో, చెవి ఒక ఊళ్ళో అన్నట్టయింది.

చిక్కుకు రెండు దారులు దొరికాయి. మొదటిది, ఆకుపచ్చ గీత లాంటి నిషిద్ధ రేఖలు. ఇవి ఎలక్ట్రాను తన అయస్కాంతత్వాన్ని ఒక దిక్కు నుంచి ఇంకొక దిక్కుకు తిప్పుకున్నప్పుడు వచ్చేవి. శక్తి తక్కువ కనుక కంటికి కనిపించే కాంతిలోనే ఉంటాయి.

రెండోది ఇంకా చిత్రమైనది. హైడ్రోజనులో ఎలక్ట్రాను ఒక చిన్న అయస్కాంతం, ప్రోటాను ఇంకొక చిన్న అయస్కాంతం. రెండూ ఒకే దిక్కుకు ఉంటే ఒక శక్తి, ఎదురెదురుగా ఉంటే ఇంకొకటి. ఆ తేడా అతి స్వల్పం. అందులోంచి వెలువడేది 21 సెంటీమీటర్ల రేడియో తరంగం. 1951లో హార్వర్డులో యూయెన్, పర్సెల్ ఆకాశం నుంచి దాన్ని పట్టారు. దానితోనే మన పాలపుంత పటం గీశారు. ఇప్పుడు అదే తేడాను ఒక్క ఎలక్ట్రాను మిగిలిన బిస్మతులో చూస్తే, ఎలక్ట్రాను కేంద్రకాన్ని ఒరుసుకుని తిరగడం వల్ల, 21 సెంటీమీటర్లు కాస్తా 244 నానోమీటర్లకు కుదించుకుపోతుంది. రేడియో తరంగం అతినీలలోహిత కాంతి అయింది. ఎనిమిదిన్నర లక్షల రెట్ల తేడా. లేసరుకు అందే దూరానికి వచ్చేసింది. 1994లో జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గరి వలయ యంత్రంలో దీన్ని మొదటిసారి లేసరుతో కొలిచారు. లివర్‌మోర్ వారు తమ బోనులోనే హోల్మియం, రీనియం, థాలియం అయానులలో ఇదే గీతను, లేసరు లేకుండా, అవి తమంతట తాము ఇచ్చే కాంతిలో చూశారు.

ఏడు రెట్ల తగాదా

ఈ బిస్మతు దగ్గరే అసలు కథ జరిగింది.

ఆ గీతను సిద్ధాంతంతో పోల్చడానికి ఒక అడ్డం ఉంది. కేంద్రకం చుక్క కాదు. దానికి పరిమాణం ఉంది. లోపల అయస్కాంతత్వం ఎలా పరుచుకుని ఉందో సరిగ్గా తెలియదు. ఆ తెలియనిది శూన్యపు అలజడి కంటే పెద్దదిగా ఉండి పరీక్షను చెడగొడుతుంది. దీనికి రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన షబాయెవ్ ప్రభృతులు ఉపాయం చెప్పారు. ఒక్క ఎలక్ట్రాను గల బిస్మతునూ కొలవండి, మూడు ఎలక్ట్రానులు గల బిస్మతునూ కొలవండి. రెండింటిలోనూ కేంద్రకం ఒకటే. తగిన పాళ్ళలో ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే కేంద్రకం గురించి తెలియనిది కొట్టుకుపోతుంది. రెండు జమాఖర్చులలోను ఒకే తెలియని పద్దు ఉంటే, తీసివేతలో అది పోయినట్టే.

మూడు ఎలక్ట్రానుల గీతను పట్టడం సులభం కాలేదు. 1998లో లివర్‌మోర్ వారు ఎక్సురేల ద్వారా దాని చోటు సుమారుగా చెప్పారు. డార్మ్‌స్టాట్ వారు చాలా ఏళ్ళు వెదికి లేసరుతో పట్టారు. అక్కడ అయానులు కాంతి వేగంలో 71 శాతం వేగంతో వలయంలో తిరుగుతుంటాయి. ఎదురుగా పోయే రైలు కూత సన్నగా వినిపించినట్టు, ఎదురు వచ్చే నారింజ రంగు లేసరు ఆ అయానుకు అతినీలలోహితంగా కనిపిస్తుంది. వెనకనుంచి తరిమే ఎర్ర లేసరు పరారుణంగా కనిపిస్తుంది. వేగంతోనే రంగు మార్చుకున్నారన్నమాట.

2017లో ఫలితం ప్రకటించారు. సిద్ధాంతానికి, కొలతకు పొత్తు కుదరలేదు. తేడా, లెక్కలోని అనిశ్చితికి ఏడు రెట్లు. భౌతికశాస్త్రంలో అయిదు రెట్లు దాటితే కాకతాళీయం అనరు. అప్పుడు మూడు దారులున్నాయి. కొలత తప్పు కావాలి. లేదా సిద్ధాంతం తప్పు కావాలి. లేదా రెండింటికీ మధ్య మనం కళ్ళు మూసుకుని వాడిన ఏదో ఒక అంకె తప్పు కావాలి.

తప్పు మూడోచోట దొరికింది. బిస్మతు కేంద్రకపు అయస్కాంత బలం ఎంత అనే అంకె దశాబ్దాలుగా పట్టికలలో ఉంది. బిస్మతు నైట్రేటును నీళ్ళలో కరిగించి, ఆస్పత్రుల్లో ఎమ్మారై చేసే సూత్రంతోనే కొలిచిన అంకె అది. అయితే ద్రావణంలో ఉన్న బిస్మతు చుట్టూ ఎలక్ట్రానులుంటాయి, నీటి అణువులు కమ్ముకుని ఉంటాయి. అవి బయటి అయస్కాంత క్షేత్రాన్ని కొంత అడ్డుకుంటాయి. ఎంత అడ్డుకుంటాయన్న సవరణ సరిగ్గా లేదు. 2018లో ఆ జర్మను, రష్యను శాస్త్రజ్ఞులే వేరొక బిస్మతు సమ్మేళనంతో మళ్ళీ కొలిచి, సవరణను కొత్తగా లెక్కగట్టారు. పాత విలువ 4.1106. కొత్త విలువ 4.092. నూటికి అర వంతు కూడా లేదు తేడా! కాని దానితో ఏడు రెట్ల తగాదా తీరిపోయింది. క్వాంటం విద్యుత్ గతిశాస్త్రం వరదలో కూడా ఈదింది.

పూర్తిగా సంతోషించడానికి లేదు. కొత్త అంకెలో అనిశ్చితి పాతదానికి పది రెట్లు. పాతది ఎంతో కచ్చితమని పట్టికలో రాసి ఉంది, కాని అది తప్పు. కొత్తది తన పరిమితి ఎంతో చెబుతోంది, కనుక నమ్మవచ్చు. ఇంకా పదునైన పరీక్ష కావాలంటే నీళ్ళూ అణువులూ లేని ఒంటరి అయానులోనే ఆ అంకెను కొలవాలి.

ఈ ఉదంతంలో మాకు కనిపించే నీతి ఇది. మనలో ఇంజనీర్లు, డాక్టర్లు, రసాయనికులు నిత్యం పట్టికలు తిప్పి అంకెలు తీసుకుంటాం. అంకె అచ్చులో ఉంటే చాలు, ఎలా వచ్చిందని అడగం. ఎవరో ఒకరు దానిమీద బరువు మోపేదాకా అది నిలబడినట్టే ఉంటుంది. ఎలక్ట్రానులు ఊడిన పరమాణువు చేసే మేలు అదే. పట్టికలోని ప్రతి అంకె మీదా అది బరువు మోపుతుంది.

దుబాసీ అయాను

పరుగెత్తే అయానులనో, బోనులో లక్షల డిగ్రీల వేడితో గిలగిలలాడే అయానులనో కొలిస్తే గీత అలుక్కుపోతుంది. 2011లో జర్మనీలో హైడెల్బర్గ్ ఈబిట్‌లో, 13 ఎలక్ట్రానులు పోయిన ఆర్గాను మీద లేసరు వేసి 441 నానోమీటర్ల నీలి గీతను పట్టారు కాని, వేడివల్ల అది వెడల్పుగానే ఉంది. వీటిని చల్లబరచాలి. మామూలుగా లేసరుతో చల్లబరచడానికి అయాను ఆ లేసరు కాంతిని సెకండుకు కొన్ని కోట్లసార్లు మింగి కక్కాలి. నెమ్మదైన నిషిద్ధ రేఖ తప్ప వేరే లేని అయానుకు ఆ శక్తి లేదు.

దీనికి మందు కూడా మొదట లివర్‌మోర్‌లోనే తయారైంది. తను చల్లబడలేనివాడిని చల్లనివాడి పక్కన కూర్చోబెట్టడం. 2001లో అక్కడ ముప్ఫైకి పైగా ఎలక్ట్రానులు పోయిన క్సెనాను అయానులను, లేసరుతో చల్లబరచిన బెరీలియం అయానుల గుంపులో కలిపి స్ఫటికంలా స్థిరపడినట్టు ఆనవాళ్ళు చూపించారు. 2015లో హైడెల్బర్గ్ వారు ఆ దారినే ఆర్గాను అయానును డిగ్రీలో చిన్న వంతుకు, అంటే పరమ శూన్యానికి దగ్గరగా, చల్లబరచి నిలబెట్టారు.

నిలబెట్టాక చూసేదెలా? ఒక్క ఆర్గాను అయాను సెకండుకు కొద్ది వెలుగు రేణువులు మాత్రమే ఇస్తుంది. వాటిని లెక్కించలేం. దీనికి కొలరాడోలో బోల్డర్ ప్రమాణాల ప్రయోగశాలలో, 2012లో నోబెల్ బహుమతి పొందిన డేవిడ్ వైన్‌లండ్ బృందం 2005లో కనిపెట్టిన ఉపాయం పనికివచ్చింది. పక్కపక్కన కూర్చున్న రెండు అయానులు ఒకే ఊయల మీద ఉన్నట్టు. ఒకటి ఊగితే రెండోది ఊగుతుంది. ఆర్గాను లేసరుకు స్పందించిందా లేదా అన్న సంగతి ఆ ఊపు ద్వారా బెరీలియానికి చేరుతుంది. బెరీలియం ధారాళంగా వెలుగుతుంది కనుక మనకు చెబుతుంది. వెనకటికి కుంఫిణీ దొరలకు, మనవాళ్ళకు మధ్య దుబాసీలు ఉండేవారు. బెరీలియం అలాంటి దుబాసీ.

2020లో జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ ప్రమాణాల సంస్థలో ఈ పద్ధతితో ఆర్గాను గీతను కొలిస్తే కచ్చితత్వం ఒక్కసారిగా సుమారు పది కోట్ల రెట్లు పెరిగింది. 2022లో దానితో గడియారమే చేశారు. విశ్వం పుట్టి 1380 కోట్ల సంవత్సరాలంటున్నారు. ఆనాటి నుంచి నడిచి ఉంటే ఆ గడియారం పది సెకండ్ల తేడా చూపేది.

ఎవరికి ఉపయోగం?

ఇంత కచ్చితమైన గడియారం ఎందుకని అడగవచ్చు. ఊడిన పరమాణువులో మిగిలిన ఎలక్ట్రానులు కేంద్రకాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి. బయటి విద్యుత్, అయస్కాంత అలజడులు వాటిని అంతగా కదిలించలేవు. అందుచేత మంచి గడియారానికి పనికివస్తుంది. అదే సమయంలో విద్యుత్ బలానికి కొలమానమైన 'ఒకటి బై నూట ముప్ఫై ఏడు' అనే స్థిరాంకం పిసరంత మారినా కొన్ని అయానుల గీతలు గట్టిగా జరుగుతాయి. స్థిరాంకాలు నిజంగా స్థిరమేనా, కాలంతో కదులుతున్నాయా అన్నది రెండు గడియారాలను ఏళ్ళ తరబడి పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అలాంటి అయానులు ఏవన్న లెక్కలు వేస్తున్నవారిలో మన దేశంలో డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన మరియానా సఫ్రనోవా ముఖ్యురాలు.

2025లో ఇంకొక విశేషం. గ్రహణ సమయాల్లో ఆకుపచ్చ గీతతోబాటు కరోనాలో ఒక్కోసారి పసుపుపచ్చ గీత కూడా కనిపించేది. అది 14 ఎలక్ట్రానులు పోయిన కాల్షియానిది. మన తాంబూలంలో వేసుకునే సున్నంలోని కాల్షియమే. ఆ గీతనే బ్రౌన్‌ష్వైగ్‌లో అయిదు రకాల కాల్షియం ఐసోటోపులలో లేసరుతో కొలిచి, జూరిచ్, హైడెల్బర్గ్ కొలతలతో కలిపి, ఎలక్ట్రానుకు న్యూట్రానుకు మధ్య మనకు తెలియని కొత్త బలం ఏదైనా ఉందేమోనని వెదికారు. ఉంటే ఇంతకు మించి ఉండటానికి వీల్లేదని హద్దు గీశారు. నూటయాభై ఏళ్ళకు ముందు గ్రహణాలలో మొదలైన వేట ఆ మేరకు వచ్చింది.

ఇంట్లో కనిపించే ఉపయోగమే కావాలంటే అదీ ఉంది. మన జేబుల్లోని టెలిఫోనులలో సరికొత్త చిప్పుల మీద సూక్ష్మమైన గీతలు గీయడానికి 13.5 నానోమీటర్ల కాంతి కావాలి. ఆ కాంతిని 8 నుంచి 14 దాకా ఎలక్ట్రానులు పోగొట్టుకున్న తగరం అయానులు ఇస్తాయి. సెకండుకు యాభై వేల తగరపు బొట్లను రాల్చి, ఒక్కొక్క బొట్టునూ లేసరుతో కొట్టి ఆ అయానులను పుట్టిస్తారు. ఆ పరికరపు కాంతిజనకం శాండియేగోలో తయారైనదే. అలాగే కేంద్రక సంలీన యంత్రాల గోడల నుంచి రాలే టంగ్‌స్టను అయానుల గీతలను గెయిదర్స్‌బర్గ్ ఈబిట్‌లో ముందుగా గుర్తించి పట్టిక వేస్తున్నారు. ఆ యంత్రాల లోపలి వేడిని చెప్పే ధర్మామీటర్లు ఆ గీతలే.

మనవాళ్ళ పాలు

వర్ణపటశాస్త్రం మనకు పరాయిది కాదు. విజయనగరం మహారాజా కళాశాలలో పరమాణు వర్ణపటాల మీద పరిశోధన నడిపిన అప్పడవేదుల లక్ష్మీనారాయణ గారు 1937లో కొడైకెనాల్ సూర్య వేధశాలకు అధిపతి అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయులు వారే. వాల్తేరులో ప్రొఫెసరు కె. రంగధామరావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపటశాస్త్రానికి ఒక పెద్ద పరంపర నెలకొల్పారు. ఆయన పేరుమీద భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఈనాటికీ స్మారకోపన్యాసం పెట్టింది. మన పాఠకులలో వాల్తేరు కొండ మీద ఆ చీకటి గదుల్లో ఫొటో పలకలు కడిగిన వారు కొందరైనా ఉంటారు.

ఇక్కడ, అట్లాంటాలో, ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పెమ్మరాజు వేణుగోపాలరావు గారిని తెలుగు భాషాపత్రిక సంపాదకులుగా చాలామంది ఎరుగుదురు. పరమాణువు లోపలి కక్ష్యలో ఎలక్ట్రాను ఊడితే ఆ ఖాళీ ఎలా నిండుతుంది, ఎక్సురే వస్తుందా లేక ఇంకొక ఎలక్ట్రాను బయటపడుతుందా అన్న విషయం మీద 1972లో ఎనిమిదిమంది కలిసి రాసిన పెద్ద సమీక్షకు ఆయన ఒక రచయిత. ఆ రంగంలోని వారు చాలాకాలం చేతికింద పెట్టుకున్న గ్రంథమది. పరమాణువుకు ఎలక్ట్రానులు ఎలా ఊడతాయో ఇంగ్లీషులో రాసినవారే, మన పిల్లలకు తెలుగు ఊడిపోకూడదని తెలుగులో పత్రిక నడిపారు.

మళ్ళీ మొదటి సంగతికి వస్తే, ఆకుపచ్చ గీత చోటు కొంచెం తేడాగా ఉందని గమనించినవారు, పోనీలే ఇనుమే అని సరిపెట్టుకుని ఉంటే కరోనా వేడి సంగతి మనకు అంత త్వరగా తెలిసేది కాదు. బిస్మతు తేడా ఏడు రెట్లని చెప్పినవారు, ఎక్కడో పొరపాటు పడ్డామని దాచుకుని ఉంటే పట్టికలోని తప్పు అంకె ఇంకా పట్టికలోనే ఉండేది. రెండుసార్లూ కొత్త మూలకమో, కొత్త నియమమో దొరకలేదు. పాత ఇనుమే, పాత నియమమే మిగిలాయి. కాని రెండుసార్లూ మనకు వాటి గురించి మునుపటికంటే బాగా తెలిసింది.

ఈ విషయంలో మరింత తెలిసిన పాఠకులు మన సంఘంలో ఉన్నారు. సవరణలుంటే, చేర్పులుంటే రాసి పంపితే వచ్చే నెల సంచికలో సంతోషంగా ప్రకటిస్తాం. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఒక పాత సీడీ చేతికిచ్చి వీధిదీపం వెలుగును దానిమీద చూడమనండి. రంగులు విడిపోతాయి. దీపం రకాన్నిబట్టి ఒకచోట గీతలుగా, ఒకచోట పట్టీగా కనిపిస్తాయి. ఎందుకలా అని వాళ్ళు అడిగితే, గుంటూరు నుంచి మొదలుపెట్టి చెప్పండి.